గ్రోవర్ ద్రాక్షతోట, నంది కొండలు

గ్రోవర్ ద్రాక్షతోట కర్ణాటకలో బెంగళూరుకు ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన, దొడ్డబళ్ళాపురం దగ్గర, నంది కొండల పాదాన ఉంది. తోటతో పాటు వైనరీ కూడా అక్కడే. ఫ్రెంచి ద్రాక్ష రకాలనే నాటాలి, ఫ్రెంచి నిపుణుల సలహాతోనే వైన్ తీయాలి అన్న పట్టుదలతో పుట్టిన తొలితరం భారతీయ తోటల్లో దీనికి ముఖ్యస్థానం. 2012లో నాసిక్ ప్రాంతపు వాలే ద వాఁ సంస్థతో కలిసినప్పటి నుంచి గ్రోవర్ జంపా అన్న పేరుతో నడుస్తోంది. ఈ వ్యాసం నంది కొండల తోటకూ అక్కడి వైన్లకూ పరిమితం.

నేల, నీరు

నంది కొండల చుట్టుపట్ల, ముఖ్యంగా చిక్కబళ్ళాపురం, గౌరిబిదనూరు, బాగేపల్లి వైపు, ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. అనంతపురం, చిత్తూరు జిల్లాలతో రాకపోకలు, చుట్టరికాలు పాతవే. మన పెన్న పుట్టింది కూడా ఈ కొండల్లోని చెన్నకేశవ కొండ మీదే. తోట ఉన్న దొడ్డబళ్ళాపురం వాలు మాత్రం పెన్న పరీవాహకంలోకి రాదు. అక్కడి నీళ్లు అర్కావతిలోకి, దాని మీదుగా కావేరిలోకి పోతాయి. కొన్ని రచనల్లో తోటను పెన్న లోయలో చూపించడం పొరపాటు.

ఎత్తు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు. ఎర్రనేల, ఇసుకపాలు ఎక్కువ, నీరు నిలవదు. వైన్ ద్రాక్షకు కావలసింది ఇదే. నంద్యాల, ఆళ్లగడ్డ రేగడిలో తీగ ఏపుగా పెరుగుతుంది గానీ తడి పట్టి ఉంచే నేలలో పండు నీరుపోసుకుంటుంది, చక్కెర పలచబడుతుంది. పైగా అక్కడి వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పండు పులుపు నిలవాలంటే రాత్రి చల్లబడాలి. దొడ్డబళ్ళాపురానికి ఆ చల్లదనాన్ని ఇచ్చేది అక్షాంశం కాదు, ఎత్తు. వైన్ దేశాలు సంప్రదాయంగా 30, 50 డిగ్రీల అక్షాంశాల నడుమ ఉంటాయి. ఈ తోట 13 డిగ్రీల దగ్గర ఉంది.

ఆరంభం

స్థాపకుడు కన్వల్ గ్రోవర్ వ్యవసాయదారుడు కాదు. విదేశీ యంత్రసామగ్రి వ్యాపారంలో ఉండి, ఆ పని మీద తరచు ఫ్రాన్స్ వెళ్లివస్తూ వైన్ మీద మక్కువ పెంచుకున్నారు. షాంపేన్ ప్రాంతంలోని బూజీ గ్రామానికి చెందిన జార్జ్ వెసెల్ ఆయనకు తోడయ్యారు. ముమ్ షాంపేన్ సంస్థ ద్రాక్షతోటల బాధ్యత చూసిన అనుభవం వెసెల్‌ది. ఇద్దరూ ఎప్పుడు కలిశారన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. 1970ల చివర అని ఒక కథనం, 1980ల మొదట అని మరొకటి. ప్రయోగాలకు పట్టిన కాలాన్ని బట్టి చూస్తే మొదటిదే ఎక్కువ పొసగుతుంది. 35 దాకా ఫ్రెంచి రకాలు పరీక్షించి, అందులో కొన్నింటినే నిలబెట్టుకున్నారని చాలా కథనాలు చెబుతాయి.

స్థాపన సంవత్సరంగా 1988ని తీసుకోవడం వాడుక. ఆ ఏడాది సుమారు 40 ఎకరాల్లో తోట వేశారు. ఫ్రెంచి కొలతల్లో ఇది 16 హెక్టార్లు, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో ఒక మధ్యస్థాయి షాతో (వైన్ ఎస్టేటు) అంత. మొదటి వైన్ బజారుకు వచ్చింది 1992లో. తర్వాతి కాలంలో సంస్థ 400 ఎకరాలకు పైగా అని చెప్పుకొన్న విస్తీర్ణాన్ని ఈ తోటతో కలిపి చూడరాదు. అందులో నాసిక్ భూములు, ఒప్పందం మీద పండించే రైతుల చేలు కూడా చేరినట్టు తోస్తుంది.

గ్రోవర్లే దేశంలో మొదటివారు అనడం అతిశయోక్తి. 1980ల నడిమికే మహారాష్ట్రలోని నారాయణ్‌గావ్ దగ్గర షామ్ చౌగులే నెలకొల్పిన ఇండేజ్ సంస్థ ఫ్రెంచి సాంకేతిక సాయంతో ఒమర్ ఖయ్యామ్ అనే నురుగు వైన్ తీసి విదేశాలకు పంపుతూ ఉండేది. నాసిక్‌లో సులా తొలి సీసాలు 2000లో వచ్చాయి. ఈ రెంటికీ నడుమ కాలం గ్రోవర్‌ది. నురుగు లేని మామూలు వైన్‌ను ఫ్రెంచి రకాలతోనే తీయడం అన్న పరిమిత అర్థంలో అయితే ముందువరసలో ఉన్నది ఇదే.

1990ల నడుమ రెండు సంగతులు జరిగాయి. షాంపేన్ సంస్థ వవ్ క్లికో ఇందులో కొంత వాటా తీసుకుంది. ఆ బంధం ఎక్కువకాలం నిలవలేదు. బోర్డో వైన్ నిపుణుడు మిషెల్ రొలాఁ సలహాదారుగా చేరడం రెండోది, నిలిచినది. ఆయన రాక సంవత్సరం కొన్నిచోట్ల 1994, మరికొన్నిచోట్ల 1995. మొదటిదే ఎక్కువగా కనబడుతుంది. రొలాఁ కుటుంబానికి పొమెరోల్‌లో ల బాఁ పస్తర్ అనే చిన్న తోట ఉండేది. ఏడు హెక్టార్లకు మించని ఆ నేల నుంచి బయలుదేరి ఆయన ఎన్నో దేశాల తోటలకు సలహాదారు అయ్యారు. ఎక్కడికి వెళ్లినా ఒకే మాదిరి, బాగా మాగిన, మెత్తని వైన్ తీయిస్తారన్న విమర్శ ఆయన మీద ఉంది. 2004లో వచ్చిన మోండోవినో డాక్యుమెంటరీ చాలావరకు దీని చుట్టూ తిరిగినదే. నంది కొండల విషయంలో ఈ విమర్శ పూర్తిగా అతకదు. ఇక్కడ రుచిని నిర్ణయించేది సలహాదారు కంటే ముందు కత్తిరింపు.

రెండు కత్తిరింపులు

బోర్డోలో చలికి ఆకు రాలి తీగ నిద్రపోతుంది. వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబరు, అక్టోబరుల్లో కోత. ఏడాదికి ఒక చుట్టు, అదీ ప్రకృతి తిప్పేది. దక్కనులో తీగకు నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడవునా ఆకు వేస్తూ, ఎప్పుడు పడితే అప్పుడు పూత పెడుతుంది. కాబట్టి కాలాన్ని రైతే కత్తెరతో తిప్పాలి. కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి మోడు దగ్గరికి కత్తిరిస్తారు. అప్పుడు వచ్చే కొమ్మల్లో ఎండాకాలంలోనే పూమొగ్గ రూపు కడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండో కత్తిరింపు. ఆ కొమ్మల్లో మోసుకొచ్చిన మొగ్గలే పూచి కాయ అవుతాయి. మొగ్గలన్నీ ఒకేసారి పగలడానికి హైడ్రోజన్ సయనమైడ్ పూయడం దేశంలో చాలా తోటల్లో అలవాటు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోత.

చూస్తే ఇది ఏడాదికి రెండు పంటల నేల. బెంగళూరు బ్లూ అనే స్థానిక రకం పండించే పరిసర రైతులు అలా తీస్తారు కూడా. వైన్ తోట వానాకాలపు పంటను కావాలని వదులుకుంటుంది. తడిలో పండిన కాయలో చక్కెర తక్కువ, తెగులు ఎక్కువ. ఇబ్బందల్లా అక్టోబరులో. బెంగళూరు చుట్టుపట్ల వాన జోరు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే, లేత చిగురు వచ్చేదీ అప్పుడే. బూజు తెగులు దెబ్బతీసేది ఆ మూడు నాలుగు వారాల్లో. కత్తిరింపు ఒక వారం వెనకకు జరిపితే తెగులు తప్పవచ్చు, కాని కోత ముదిరిన ఎండల్లోకి జరిగి పులుపు పోతుంది. ఫ్రెంచి పుస్తకాల్లో ఈ లెక్కకు జవాబు దొరకదు. తోటలో ఫ్రెంచివి మొక్కలు, పీపాలు, సలహా. పంచాంగం మాత్రం దక్కనుది.

కోత తెల్లవారుజామున చల్లపూట సాగుతుంది. తెల్ల వైన్లకు రసాన్ని వెంటనే పిండి, 20 డిగ్రీలు దాటకుండా చల్లబరిచే ఉక్కు తొట్లలో పులియబెడతారు. ఎర్రవాటిని తొక్కతోనే, మరికాస్త వెచ్చగా పులియనిస్తారు.

వైన్లు

తోటకు పేరు తెచ్చినది లా రిజర్వ్. కబెర్నే సొవిన్యోఁ ప్రధానంగా, కొంత షిరాజ్ కలిపి, ఫ్రెంచి ఓక్ పీపాల్లో కొన్ని నెలలు ఉంచి తీస్తారు. ఈ రెండు రకాలనూ కలపడం ఆస్ట్రేలియాలో మామూలు, బోర్డో చట్టం ఒప్పుకోదు. ఫ్రెంచి బాటలో నడిచిన తోట తన ముఖ్యమైన సీసాకే ఆ చట్టం దాటవలసి రావడం గమనించదగ్గది. కబెర్నే ఒక్కటే అయితే బిగువు మిగిలిపోతుంది, షిరాజ్ దానికి కండ ఇస్తుంది. స్టీవెన్ స్పరియర్ 2005లో డికాంటర్ పత్రికలో దీన్ని కొత్త ప్రపంచపు ఎర్ర వైన్లలో మేలైనదిగా ఎంచారని సంస్థ చెప్పుకొంటుంది. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి కాలిఫోర్నియా, ఫ్రెంచి వైన్లకు పోటీ పెట్టిన స్పరియర్ ఈయనే. దీన్ని ఒక విమర్శకుడి మెప్పుగా తీసుకోవడం మేలు.

తెల్లవాటిలో సొవిన్యోఁ బ్లాఁ, క్లెరెత్ రకంతో తీసిన బ్లాఁ ద బ్లాఁ తొలిరోజుల నుంచీ ఉన్నాయి. షిరాజ్ రోజే తేలిక రకం. వీటికన్నా ఆసక్తికరమైనది వియోన్యే. ఈ రకాన్ని భారతదేశానికి మొదట తెచ్చినది గ్రోవర్లే అంటారు. రోన్ లోయలోని కొండ్రియు దీని పుట్టిల్లు. 1960ల నాటికి ఫ్రాన్స్‌లో దీని సాగు 14 హెక్టార్లకు పడిపోయిందని ఎక్కువమంది రాస్తారు, ఎనిమిది ఎకరాలే మిగిలాయన్నవారూ ఉన్నారు. ఆ గడ్డుకాలంలో దాన్ని నిలిపినవాటిలో షాతో గ్రియే ఒకటి. మూడున్నర హెక్టార్ల ఆ తోటకు 1936 నుంచి సొంత అపెలాసియోఁ (చట్టం గుర్తించిన ప్రాంతనామం), ఒకే యజమాని. రెండు శతాబ్దాలకు దగ్గరగా నెరే గాషే వంశం చేతిలో ఉండి, 2011లో వ్యాపారవేత్త ఫ్రాంస్వా పినో వర్గానికి వెళ్లింది. అక్కడ నాలుగైదేళ్లు సీసాలో మాగాక గానీ తెరవరు. నంది కొండల వియోన్యేను ఏడాది రెండేళ్లలో తాగాలి. జల్దారు పండు, మల్లె వాసన రెండింటికీ ఉమ్మడి, పులుపు మాత్రం ఇక్కడ త్వరగా జారిపోతుంది. 2012 కలయిక తర్వాత వచ్చినవాటిలో షెన్ అనే ఖరీదైన ఎర్ర వైన్ ఉంది. టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ పేరుతోనూ ఒక వరస వచ్చింది.

తెలుగు నేల ద్రాక్షతో పోలిక

ద్రాక్ష తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చారని ఒక కథనం, నిజాము చలవతో 20వ శతాబ్దంలో వచ్చిందని మరొకటి. ఉద్యానశాస్త్రవేత్తలు మొదటిదాన్నే ఎక్కువగా ఎత్తిరాస్తారు. పందిరి మీద పాకించిన ఈ రకం హెక్టారుకు 90 టన్నులు దాటిన సందర్భాలు నమోదయ్యాయి. మంచి ఎర్ర వైనుకు ఏడెనిమిది టన్నులే ఎక్కువ. అనాబ్ రసంలో చక్కెర సాధారణంగా 14 నుంచి 16 బ్రిక్స్ (నూటికి ఇన్ని పాళ్లని చక్కెరను చెప్పే కొలత). నిలబడే వైనుకు 22 ఉండాలి. రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం దృష్టి కూడా చాలావరకు తినే ద్రాక్ష మీదే నిలిచింది. హైదరాబాదు పందిళ్లు వైన్ తోటలు కాకపోవడానికి వాతావరణం కన్నా ఈ దిగుబడి లెక్కే కారణమని చెప్పవచ్చు. టన్నుల మీద డబ్బు చూసిన రైతు పంట తగ్గించుకొమ్మంటే ఎందుకు వింటాడు? ఆ పందిళ్లలో చాలా భాగం తర్వాత థామ్సన్ సీడ్‌లెస్‌కూ, ఇళ్ల స్థలాలకూ పోయాయి.

బజారు సంగతీ ఉంది. గ్రోవర్ తొలి సీసాలు వచ్చిన 1992లోనే నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సంపూర్ణ మద్యనిషేధంలోకి వెళ్లి 1997లో బయటపడింది. సరిహద్దు ఇంత దగ్గర ఉన్నా ఆ రెండేళ్లూ తెలుగు బజారు ఈ తోటకు మూసుకుపోయింది. విదేశీ వైన్ మీద చాలా ఏళ్లు 150 శాతం దిగుమతి సుంకం ఉండటం దేశీయ తోటలకు అండ. కర్ణాటక 2007లో వైన్ విధానం ప్రకటించి, ద్రాక్ష వైన్‌ను మిగతా మద్యం నుంచి వేరుచేసి చూసింది. మహారాష్ట్ర ఆ పని 2001లోనే చేసింది.

తోట చుట్టూ ఉన్న రైతుల్లో ఎక్కువమంది ఇప్పటికీ వేసేది ఫ్రెంచి రకాలు కావు. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన బెంగళూరు బ్లూ, దాని వెనక దిల్‌ఖుష్. బెంగళూరు బ్లూ అమెరికా జాతి పోలికలున్న గింజ ద్రాక్ష. ఘాటైన వాసన వల్ల ఖరీదైన వైనుకు పనికిరాదు. రసానికి, తియ్యని పోర్టు తరహా వైనుకు పోతుంది.