సైకిల్ హెల్మెట్: చట్టం అడగకపోయినా అవసరమే

నెల్లూరు జిల్లా కొడవలూరు మండలం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి వెళుతుంది. హైవే మీద లారీలను చూసి పిల్లలు జాగ్రత్త పడతారు. ఊరి రోడ్డులోనే ఏమరుపాటు. వరి కోతలప్పుడు ఆరబోసిన వడ్లు, పట్ట ఎగరకుండా పెట్టిన రాళ్లు, ట్రాక్టరు చక్రాల బురద, ఉన్నట్టుండి అడ్డం వచ్చే గేదెలు. చీకట్లో రాయి అసలు కనపడదు.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ బైకులకే వర్తిస్తుంది. సైకిలుకు హెల్మెట్ తప్పనిసరి కాదు. అయినా కొనాలి.

హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొర దెబ్బకు తాను నలిగి తలను కాపాడుతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తగిలితే కొత్తది తీసుకోవాలి. కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి. లోపల మందపాటి టోపీ, స్కార్ఫ్ ముడి ఉంటే సరిగా కూర్చోదు.

తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, మాట తడబాటు ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. లేచి నడిచినా ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. పెద్ద గాయమైతే పైకి మానినా మతిమరుపు, చిరాకు, అలసట నెలల తరబడి ఉండొచ్చు. బద్ధకమని పిల్లల్ని కసరొద్దు, డాక్టరుకు చెప్పాలి.

2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా చికిత్స ఉచితం. కానీ మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదానికే. రాయి తగిలి తానే పడితే ఈ పథకం వర్తించదు.