ఒకే ఉంగరం, ఇద్దరు కౌలుదార్లు: లార్డ్ ఆఫ్ ద రింగ్స్ గేమ్‌లు ఎందుకు మాయమయ్యాయి?



ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న పొడుపుకథతో మొదలు పెడదాం. 2002 చివరి నెలల్లో అమెరికాలో గేమ్స్ షాపుల్లోకి రెండు కొత్త గేమ్‌లు వచ్చాయి. రెండిటి బాక్సు మీదా 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అనే ఉంది. ఒకటి 'ద టూ టవర్స్', ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అంటే మనందరికీ తెలిసిన ఈఏ వాళ్లది. రెండోది 'ద ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్', వివెండి యూనివర్సల్ వాళ్లది. మొదటి గేమ్‌లో అరగార్న్‌ని చూస్తే అచ్చం సినిమాలో విగ్గో మోర్టెన్‌సెన్‌లాగే ఉంటాడు. రెండో గేమ్‌లో అరగార్న్ ఎవరో వేరే మనిషి. అదే కథ, అదే పేరు, దాదాపు ఒకే సమయం. మరి ఒకే మనిషికి రెండు ముఖాలు ఎలా వచ్చాయి?

జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఈ నవలని 1954, 55 సంవత్సరాల్లో మూడు భాగాలుగా ప్రచురించారు. 1969లో సినిమా హక్కులు, వాటితో పాటు బొమ్మలు, సరుకులు లాంటి వాటి హక్కులు యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే హాలీవుడ్ సంస్థకి అమ్మేశారు. 1976లో ఆ హక్కులు సాల్ జాంట్జ్ అనే నిర్మాత చేతికి వచ్చాయి. ఆయన వాటిని చూసుకోవడానికి టోల్కీన్ ఎంటర్‌ప్రైజెస్ అని ఒక కంపెనీ పెట్టారు. ఆ తర్వాత పీటర్ జాక్సన్ మూడు సినిమాలు తీశారు, న్యూ లైన్ సినిమా సంస్థ నిర్మించింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పుస్తకంలో ఉన్న ప్రపంచం మీద గేమ్ చేసుకునే హక్కు జాంట్జ్ కంపెనీ ఇస్తుంది. సినిమాలో కనిపించే ముఖాలు, సెట్లు, సంగీతం, ఫుటేజ్ మాత్రం న్యూ లైన్ వాళ్లవి. మన దగ్గర ఒక సినిమా ఆడియో రైట్స్ ఒకరికి, శాటిలైట్ రైట్స్ ఇంకొకరికి అమ్ముతారు చూడండి, అలాగే ఇక్కడ కూడా ముక్కలైంది. ఈఏ న్యూ లైన్ దగ్గర సినిమా లైసెన్సు తీసుకుంది. వివెండి పుస్తకం లైసెన్సు తీసుకుంది. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే పొలం ఒకటే, కౌలుదార్లు ఇద్దరు. మధ్యలో గట్టు ఉంది. ఒకరి గట్టు ఇంకొకరు దాటకూడదు.

ఆ గట్టు ఎక్కడుందో కళ్లకి కనపడాలంటే ఒక పాత్రని గుర్తు పెట్టుకోండి. పేరు టామ్ బాంబడిల్. నీలం కోటు, పసుపు బూట్లు వేసుకుని అడవిలో పాటలు పాడుకుంటూ తిరిగే మనిషి. ఉంగరం ప్రభావం అతని మీద అస్సలు పని చేయదు. పుస్తకంలో ఉన్నాడు, జాక్సన్ సినిమాలో లేడు. కాబట్టి వివెండి గేమ్‌లో టామ్ ఉన్నాడు, ఈఏ గేమ్‌లో లేడు. ఈ ఒక్క పాత్ర ఎక్కడ ఉన్నాడో చూస్తే చాలు, ఏ గేమ్ ఎవరి కౌలులో ఉందో చెప్పేయొచ్చు. చివరిదాకా మనం టామ్‌ని వెతుక్కుంటూనే వెళ్దాం.

ఇప్పుడు 'టూ టవర్స్' గేమ్ సంగతి. అప్పటికి సినిమా గేమ్‌లంటే జనానికి పెద్ద నమ్మకం లేదు. 1982లో అటారీ కంపెనీ 'ఈ.టీ.' సినిమా గేమ్‌ని క్రిస్మస్ సీజన్‌కి అందించాలని డెవలపర్‌కి దాదాపు అయిదు వారాలే టైమ్ ఇచ్చింది. ఆ గేమ్ దెబ్బతింది, మిగిలిపోయిన క్యాట్రిడ్జులు కొన్ని న్యూ మెక్సికోలో ఒక చెత్త డంపులో పూడ్చేశారు. 2014లో తవ్వితే బయటపడ్డాయి కూడా. సినిమా రిలీజ్ డేట్ ఫిక్స్ అయిపోయి ఉంటుంది, గేమ్ ఆ తేదీకి పరిగెత్తాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.

'టూ టవర్స్'ని కాలిఫోర్నియాలోని స్టార్మ్‌ఫ్రంట్ స్టూడియోస్ తయారు చేసింది. వీళ్లకీ తేదీ ఒత్తిడి ఉంది. సినిమా 2002 డిసెంబర్ 18న వస్తుంటే ప్లేస్టేషన్ 2 గేమ్ అక్టోబర్‌లోనే వచ్చేసింది. కానీ తమకున్న పరిధిని బాగా వాడుకున్నారు. సినిమాలో లేనిది పెట్టకూడదు అన్నప్పుడు, సినిమానే గేమ్ లోపలికి తీసుకొచ్చేశారు. సినిమా క్లిప్ నడుస్తూ ఉంటుంది. షాట్ మధ్యలో అది మెల్లగా గేమ్ గ్రాఫిక్స్‌గా మారిపోతుంది. మీరు సినిమా చూస్తున్నాననుకుంటున్న క్షణంలో చేతిలోని కంట్రోలర్ పని చేయడం మొదలవుతుంది. మొదటి లెవెల్లోనే ఇసిల్దూర్‌గా సౌరాన్ సైన్యంతో యుద్ధం. తర్వాత అరగార్న్, లెగోలస్, గిమ్లీలలో ఒకరిని ఎంచుకుని మోరియా గుహల నుంచి హెల్మ్స్ డీప్ కోట దాకా వెళ్లాలి. అంటే హెల్మ్స్ డీప్ యుద్ధాన్ని చాలామంది తెర మీద చూడకముందే చేతుల్తో ఆడేశారు.

2003లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ద కింగ్' గేమ్ ఇంకో మెట్టు ఎక్కింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని కలిసి ఆడొచ్చు. దీన్ని ఈఏ సొంత స్టూడియో రెడ్‌వుడ్ షోర్స్ చేసింది. తర్వాత ఇదే స్టూడియో విసెరల్ గేమ్స్ అని పేరు మార్చుకుంది. 2008లో 'డెడ్ స్పేస్' చేసింది వీళ్లే.

2004 నవంబర్‌లో 'ద థర్డ్ ఏజ్' వచ్చింది. అందులో ఫ్రోడో బృందం వెనకే నడిచే కొత్త మనుషుల్ని సృష్టించారు. అదే సంవత్సరం డిసెంబర్‌లో ఈఏ లాస్ ఏంజిలెస్ స్టూడియో నుంచి 'ద బ్యాటిల్ ఫర్ మిడిల్ ఎర్త్' వచ్చింది. ఇది స్ట్రాటజీ గేమ్, నా ఉద్దేశంలో వీటన్నిటిలో గొప్పది. 'కమాండ్ అండ్ కాంకర్: జనరల్స్' గేమ్‌కి వాడిన సేజ్ ఇంజిన్ మీదే కట్టారు. గోండోర్, రోహన్, ఐసెన్‌గార్డ్, మోర్డోర్ అని నాలుగు పక్షాలు. సైనికులు ఒక్కొక్కళ్లుగా కాదు, దండుగా కదులుతారు. ట్రోల్ పక్కనున్న చెట్టుని పీకి దాంతోనే కొడుతుంది. మనకి కష్టమొస్తే చనిపోయినవాళ్ల సైన్యాన్ని పిలవొచ్చు, అవతలివాడు బాల్రోగ్‌ని దింపొచ్చు. అన్నీ సినిమాలో చూసినవే. టామ్ మాత్రం ఇంకా లేడు.

2005లో ఈఏ పుస్తకం హక్కులు కూడా సంపాదించింది. గట్టు తీసేసి రెండు చెక్కలూ ఒక్కడే సాగు చేసినట్టు అన్నమాట. 2006లో వచ్చిన 'బ్యాటిల్ ఫర్ మిడిల్ ఎర్త్ 2' ఆడి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. సినిమాలు చూపించని ఉత్తర దేశపు యుద్ధాలు, మరుగుజ్జుల సైన్యం, ఎల్ఫ్‌ల సైన్యం, గ్లోర్‌ఫిండెల్ అనే యోధుడు, అన్నీ వచ్చేశాయి. ఇంకెవరొచ్చారో చెప్పండి? అవును, టామ్ బాంబడిల్. కొన్ని క్షణాలకి పిలిస్తే పాట పాడుకుంటూ వచ్చి శత్రువుల్ని చెల్లాచెదురు చేసి వెళ్లిపోతాడు. ఆడేవాళ్లకి అదొక సరదా పవర్. ఈ చరిత్ర తెలిసినవాళ్లకి మాత్రం అది ఒక అగ్రిమెంట్ మీద పడ్డ సంతకం.

ఇంత బాగుంది కదా, తర్వాతేమైంది? కౌలుకి గడువుంటుంది. ఈఏ 'వైట్ కౌన్సిల్' అని పెద్ద రోల్ ప్లేయింగ్ గేమ్ ప్రకటించి 2007లో ఆపేసింది. 2009 జనవరిలో వచ్చిన 'కాంక్వెస్ట్' తర్వాత ఈఏ చేతి నుంచి ఈ ప్రపంచం వెళ్లిపోయింది. సినిమా గేమ్‌ల బాట వార్నర్ వాళ్లకి చేరింది. 2010 చివర్లో 'బ్యాటిల్ ఫర్ మిడిల్ ఎర్త్' ఆన్‌లైన్ సర్వర్లు ఆపేశారు. 'టూ టవర్స్' చేసిన స్టార్మ్‌ఫ్రంట్ 2008లోనే మూతపడింది. విసెరల్‌ని 2017లో మూసేశారు.

ఈరోజు మీరు స్టీమ్ తెరిచి 'బ్యాటిల్ ఫర్ మిడిల్ ఎర్త్' అని వెతకండి. దొరకదు. డబ్బులిస్తానన్నా అమ్మేవాడు లేడు. ఎందుకంటే కోడ్ ఈఏది. సినిమా ముఖాలు, ఫుటేజ్ 2008లో న్యూ లైన్‌ని కలిపేసుకున్న వార్నర్ వైపు ఉన్నాయి. పుస్తకం తాలూకు హక్కులేమో 2022లో ఎంబ్రేసర్ అనే స్వీడన్ గ్రూపు కొనేసింది. ఒక పాత గేమ్‌ని మళ్లీ షాపులో పెట్టాలంటే కనీసం మూడు కంపెనీల లాయర్లు ఒక టేబుల్ దగ్గర కూర్చోవాలి. ఇరవై ఏళ్ల నాటి గేమ్ కోసం అంత శ్రమ ఎవరు పడతారు?

సాఫ్ట్‌వేర్ మనిషిగా నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. 2025 ఫిబ్రవరిలో ఈఏ కొన్ని పాత కమాండ్ అండ్ కాంకర్ గేమ్‌ల సోర్స్ కోడ్‌ని అందరికీ విడుదల చేసింది. అందులో 'జనరల్స్' కూడా ఉంది. అంటే సేజ్ ఇంజిన్ ఎలా పని చేస్తుందో ఇవాళ ఏ బీటెక్ స్టూడెంట్ అయినా తెరిచి చదువుకోవచ్చు. అదే ఇంజిన్ మీద కట్టిన 'మిడిల్ ఎర్త్' గేమ్‌లు మాత్రం ఆ జాబితాలో లేవు. ఇంజిన్ ఒకే కుటుంబానిది, తలరాతలు మాత్రం వేరు. 'జనరల్స్' ప్రపంచం ఈఏ సొంత పొలం. 'మిడిల్ ఎర్త్' కౌలు పొలం. కౌలు పొలంలో నువ్వు బోరు వేయించినా, గడువు అయ్యాక ఆ బోరు నీళ్లు నీవి కావు.

మరి ఈ గేమ్ పూర్తిగా చచ్చిపోయిందా? లేదు. అభిమానులు బతికించారు. సొంతంగా ప్యాచ్‌లు రాశారు, ఆగిపోయిన సర్వర్ల స్థానంలో వేరే సర్వర్లు పెట్టారు. 'ఎడైన్', 'ఏజ్ ఆఫ్ ద రింగ్' లాంటి మాడ్‌లు ఏళ్ల తరబడి జీతం లేకుండా చేసుకుంటూ వచ్చారు. వాళ్ల శ్రమకి దండం పెట్టాలి. కానీ వాళ్ల మీదే వదిలేయడం న్యాయమేనా అనేది నా ప్రశ్న. ఎవరో నలుగురు ఇష్టంగా చేస్తున్నంత కాలమే ఉండి, వాళ్లు పెళ్లిళ్లు, ఉద్యోగాల్లో పడగానే పోయేదాన్ని భద్రపరిచారని ఎలా అంటాం?

ఇదొక్క గేమ్ సమస్య కూడా కాదు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2010కి ముందు అమెరికాలో వచ్చిన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకట్లేదని అందులో తేలింది. లైసెన్సు మీద చేసిన సినిమా గేమ్‌లకి మామూలు కారణాలతో పాటు ఈ కౌలు గొడవ అదనం.

ఇప్పుడు మన ఇంటి సంగతి కూడా ఒక్క నిమిషం మాట్లాడుకుందాం. మనకీ ఒక పెద్ద ఫాంటసీ సినిమా గేమ్ ఉంది. 2017లో 'బాహుబలి 2' వచ్చే సమయంలోనే బెంగళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ 'బాహుబలి: ద గేమ్' తీసుకొచ్చింది. మాహిష్మతిని కట్టుకోవాలి, కాలకేయుల నుంచి కాపాడుకోవాలి. ఇదీ లైసెన్సు మీద చేసిందే. పైగా మొబైల్ గేమ్. 'టూ టవర్స్'కి కనీసం డిస్కు ఉంది, ఎవరి అటక మీదో దొరుకుతుంది. సర్వర్ మీద నడిచే మొబైల్ గేమ్‌లకి ఆ అటక కూడా లేదు. స్విచ్ ఆపితే అంతే.

దీన్ని చిన్న విషయం అనుకునేవాళ్లకి ఒక్క మాట. 1932లో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన 'భక్త ప్రహ్లాద' మన మొదటి పూర్తి తెలుగు టాకీ. దాని ప్రింటు ఇవాళ మనకి లేదు. ఆ రోజుల్లో సినిమా అంటే ఆడినన్నాళ్లు ఆడే వినోదం, దాచాలని ఎవరికీ తోచలేదు. పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ వచ్చింది 1964లో. అప్పటికే చాలా పోయాయి. పుస్తకాలకైతే 1954 నుంచి చట్టం ఉంది, ప్రచురించిన ప్రతి పుస్తకం కాపీ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలి. ఆ చట్టంలో గేమ్‌ల ఊసే లేదు. ఇవాళ గేమ్‌ల విషయంలో మనం 1932లోనే ఉన్నాం.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. లైసెన్సు అగ్రిమెంట్ రాసే రోజునే ఒక లైన్ అదనంగా రాయొచ్చు: గడువు తీరాక ఒక కాపీ, సోర్స్ కోడ్‌తో సహా, ఏదైనా లైబ్రరీకో ఆర్కైవ్‌కో చేరాలి అని. అమ్ముకోవడానికి కాదు, చదువుకోవడానికి. ఆ రోజు పార్టీలందరూ ఎలాగూ ఒకే టేబుల్ దగ్గర ఉంటారు. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లని మళ్లీ కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు.

అన్నట్టు, టామ్ బాంబడిల్ సంగతి. 2007లో పుస్తకం లైసెన్సు మీద మొదలైన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్' గేమ్ ఇంకా నడుస్తోంది. టామ్ అక్కడ ఉన్నాడు, వెళ్లి పలకరించొచ్చు. ఆ కౌలు ఉన్నన్నాళ్లు.

మీ ఇంట్లో పాత సినిమా గేమ్ సీడీ ఏదైనా ఉంటే పారేయకండి. ఒకసారి దుమ్ము దులిపి, ఇంకా నడుస్తుందో లేదో చూడండి.