అల్పాయుష్కులైన చిత్రకథా వీరులు

సూరతు నగరమనగానే మనవారికి జరీ, వజ్రములు, మరమగ్గములు జ్ఞప్తికి వచ్చును. ఆ మగ్గములను నమ్ముకొని తెలంగాణము నుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఇచ్చట పెక్కు గలవు. అట్టి ఈ యూరికి బాలసాహిత్య చరిత్రలో చక్కని స్థానము గలదన్న సంగతి మాత్రము మనలో కొలదిమందికే తెలియును. 1936 నుండి 1955 వరకు ఇచ్చటి గాండీవ్ సాహిత్య మందిరము వారి పిల్లల పత్రిక 'గాండీవ్'లో హరిప్రసాద్ వ్యాస్ గారు 'బకోర్ పటేల్' కథలు వ్రాసిరి. పటేలునకు తల మేకది, ఒడలు మనుష్యునిది. ఇల్లాలు శకరీ పట్లాణి; మిత్రులలో పులి వకీలొకడు, ఒంటె వైద్యుడొకడు. పొరుగున నున్న గుజరాతీ వృద్ధుల యెదుట ఆ పేరెత్తి చూడుడు. వారి ముఖములు వికసించును.

బకోర్ పటేల్ సంసారి, వీరుడు కాడు. బొమ్మల కథలలోని వీరుడు మన దేశపు పిల్లలకు విరివిగా దొరకినది 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థవారు 'ఇంద్రజాల్ కామిక్స్' ప్రారంభించిన పిమ్మటనే. అందలి నాయకుడు అమెరికా నుండి దిగుమతియైన ఫాంటమ్. అతని అడవిసీమకు మూలమున 'బెంగాలీ' యని పేరుండగా, మన వంగదేశముతో చిక్కు రాకుండ 'డెంకాలీ' యని మార్చిరి. ఒక హంతకునికి 'రామా' యను పేరుండుట బాగుండదని 'రామాలు' చేసిరి! ఆ మార్పుతో వాడు మన తెలుగు పల్లెవాడైనట్లు ధ్వనించుట సంపాదకులకు తోచియుండదు.

పరదేశ వీరులతో పన్నెండేండ్లు గడచిన పిదప, 1976 డిసెంబరులో అదే మాలికలో బహదూర్ అవతరించెను. నేను ముఖ్యముగా చదువుమని కోరునది ఇతని కథలనే. సృష్టికర్త ఆబిద్ సూరతీ గారు. వారి యింటిపేరులోనే మన ఊరున్నది; జన్మించినది మాత్రము 1935లో, సౌరాష్ట్రమున రాజులా చేరువనున్న వావేరా గ్రామమున. బొమ్మలు గోవింద్ బ్రాహ్మణియా గారివి. తరువాతి కాలమున కథలను జగ్జీత్ ఉప్పల్ గారు వ్రాసిరి.

బహదూర్ తండ్రి బందిపోటు. పోలీసు అధికారి విశాల్ చేతిలో మరణించెను. పగ తీర్చుకొన నెంచిన కుఱ్ఱవానిని ఆ విశాలే చేరదీసి పెంచెను. తండ్రి చేసిన ఘోరములెట్టివో తెలిసిన పిమ్మట బహదూర్ పగను విడిచి, జయగఢ్‌లో నాగరిక సురక్షా దళమును నెలకొల్పెను. ఇతనికి ముసుగు లేదు, మంత్రశక్తి లేదు, ఆకాశగమనము లేదు. కాషాయపు కుర్తా, జీన్సు పంట్లాము, ఇంతే వేషము. తోడుగా నున్న బేలా చెట్టునకు కట్టబడి 'రక్షింపుడు' అని కేకలు వేయు నాయిక కాదు. కరాటే నేర్చి అతని ప్రక్కన నిలిచి పోరాడును.

ఈ కథ ఆ కాలముననే పుట్టుటకు హేతువు లేకపోలేదు. 1972 ఏప్రిల్‌లో జౌరాలో జయప్రకాశ్ నారాయణ్ గారి సమక్షమున చంబల్ బందిపోట్లు ఆయుధములు సమర్పించిన వార్త దేశమంతట మ్రోగెను. 1975లో 'షోలే' చిత్రము వచ్చెను. ఆనాటి పిల్లవానికి శత్రువు గ్రహాంతరము నుండి దిగిరానక్కరలేదు; పత్రిక మొదటి పుటలోనే ఉండెను. ఫాంటమ్ తన అడవి ప్రజలను తానే కాపాడును. వారు భక్తితో చూచుచుందురు. బహదూర్ కథలలో ఊరివారే దళముగా నేర్పడి కావలి కాయుదురు. ఈ భేదమును మన విమర్శకులు తగినంతగా గుర్తింపలేదని నా అభిప్రాయము. 1990లో ఇంద్రజాల్ ఆగిపోగా బహదూర్ నిరాశ్రయుడయ్యెను.

ఇతనికంటెను అల్పాయుష్కుడు 'సుప్రీమో'. 1967 నుండి 'అమర చిత్రకథ'లు అందించిన ఇండియా బుక్ హౌస్ వారే 1980ల తొలినాళ్లలో అమితాబ్ బచ్చన్‌ను కథానాయకునిగా చేసి ఈ మాలికను వెలువరించిరి. సినిమా నటుడు అవసరము కలిగినపుడు గులాబిరంగు బిగుతు దుస్తులు తొడిగి లోకరక్షణకు బయలుదేరును! కథారచనకు గుల్జార్ గారి సలహా ఉండెను. బొమ్మలు ప్రతాప్ ములిక్ గారివి. రెండేండ్లకే ముగిసెను. కథలకై కాదు, ములిక్ గారి రేఖలకై చూడదగినది. 1986లో 'నాగరాజ్'కు రూపము దిద్దినదియు ఆ చేయియే. 2004లో ధోవతి కట్టి బొంబాయి మేడలపై ఎగిరిన భారతీయ స్పైడర్‌మాన్, పవిత్ర్ ప్రభాకర్, నాలుగే సంచికలతో నిలిచిపోయెను. 2023 నాటి హాలీవుడ్ చిత్రమున మరల కనబడినపుడు గాని మన పిల్లలు అతని నెఱుగరు.

తెలుగున బుజ్జాయి గారి 'డుంబు' వీరుడు కాకున్నను ఈ వరుసలో తలపదగిన అల్లరివాడు. మన యింట తెలుగు, వీధిలో గుజరాతీ, బడిలో ఇంగ్లీషు వినుచు పెరుగు పిల్లలకు లిపి అడ్డువచ్చునేమో గాని బొమ్మ అడ్డురాదు. బహదూర్ హిందీలోను ఇంగ్లీషులోను కూడ వెలువడినవాడు. కావున పాత పుస్తకముల అంగడిలోగాని, స్నేహితుల అటుకపై గాని ఒక సంచిక కనబడినచో, తూకమునకు పోనీయక తెచ్చి పిల్లల చేతికిండు. అవి పలుచని సంచికలు. చినిగిన పుట మరల దొరకదు.

ఆబిద్ సూరతీ గారిని గూర్చి ఒక్కమాట మిగిలినది. బహదూర్ ఆగిపోయిన పదునేడేండ్లకు, డెబ్బది దాటిన వయస్సున, 2007లో వారు బొంబాయి చెంతనున్న మీరా రోడ్డులో ఒక పని మొదలిడిరి. ఆదివారములందు ఒక కొళాయి పనివానిని వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగి, కారుచున్న కొళాయిలను ఉచితముగా బాగుచేయించిరి.