బిడ్డ చేతిలోని చెంబు

ఈ శతాబ్ది సంచికలో దేవాలయముల కట్టడమును గూర్చియు, బడులను గూర్చియు, ఆస్పత్రులను గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. మేము మరియొక చరిత్రను జ్ఞాపకము చేయ తలపెట్టితిమి. మన బిడ్డలను తాగుడునుండి కాపాడుటకు వెనుకటి తరములలో సంఘమును చట్టమును ఏమి చేసినవి, ఎక్కడ ఓడిపోయినవి అనునదే ఆ చరిత్ర.

సాయంకాలము తండ్రి కొడుకు చేతిలో చెంబును చిల్లర డబ్బులును పెట్టి, "పోయి కల్లు పట్టుకొని రారా" అని పంపుట మన పల్లెలలో ఎవరును తప్పుగా ఎంచలేదు. చెంబు మోసిన బిడ్డ దారిలో ఒక గుక్క రుచి చూచును. ఈ అలవాటు మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండులోను తండ్రులు బిడ్డల చేతికి కూజాలిచ్చి బీరు తెప్పించుకొనెడివారు.

ఆ దేశములో దీనికి మొదట ఎదురు నిలిచినది ప్రభుత్వము కాదు, సంఘస్థులే. 1847లో లీడ్స్ పట్టణమున జాబెజ్ టన్నిక్లిఫ్ అను బాప్టిస్టు బోధకుడు, ఐర్లండు దేశస్థురాలైన ఆన్ జేన్ కార్లైల్ అను వృద్ధురాలి సహాయముతో 'బ్యాండ్ ఆఫ్ హోప్' అను బాలల సమాజమును స్థాపించెను. పిల్లలు అక్కడ కూడి పాటలు పాడి, పాఠములు విని, మత్తు పానీయములు ముట్టబోమని ప్రమాణము చేసెడివారు.

చట్టము తరువాత మెల్లగా వెంబడించెను. 13 ఏండ్ల లోపు బిడ్డలకు దుకాణములోనే త్రాగుటకు మద్యము అమ్మరాదని 1886లో శాసనమాయెను. కూజాతో వచ్చిన బిడ్డ సంగతి అప్పటికి తేలలేదు. 1901లో మరియొక చట్టము వచ్చి, 14 ఏండ్ల లోపు బిడ్డకు మూతవేసి ముద్రించిన సీసాలో తప్ప మద్యము ఇయ్యరాదనెను. దారిలో రుచి చూచుటను ఆపవలెననియే ఆ ముద్ర. 1923లో నాన్సీ ఆస్టర్ అను పార్లమెంటు సభ్యురాలు తెచ్చిన బిల్లువలన 18 ఏండ్ల లోపువారికి మద్యపు దుకాణములలో అమ్మకము నిషేధింపబడెను. లీడ్స్‌లో పిల్లలు ప్రమాణము చేసిన నాటినుండి ఇంతవరకు వచ్చుటకు 76 సంవత్సరములు పట్టినది.

ఇక మన తెలుగు దేశమునకు వత్తము. 1912లో దోర్నకల్ ప్రథమ బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారు మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగింటిని పల్లె సంఘములకు శత్రువులుగా ఎంచి, వాటితో 1945లో తమ మరణమువరకు పోరాడిరి. ఈ నాలుగును ఒకే ఇంట కాపురముండునని వారెరుగుదురు. కూలి డబ్బు కొట్టుకు పోయిన ఇంటిలో అప్పు చేరును. అప్పు చేరిన ఇంట బిడ్డ బడి మానును.

ప్రభుత్వ చట్టములు మాత్రము వచ్చుచు పోవుచుండెను. 1937లో రాజాజీగారి మంత్రివర్గము సేలం జిల్లాలో మద్యనిషేధము ఆరంభించి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతట అమలాయెను. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన మరుసటి యేడు, అనగా 1954లో, ఈ నిషేధపు వివాదముమీదనే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1980వ దశకములో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో పల్లెలకు చేరెను. ఇక చెంబుతోను పనిలేదు. ప్యాకెట్టు బిడ్డ చొక్కా జేబులో పట్టును.

అప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు, 1992లో రోశమ్మగారు మొదలైనవారి నాయకత్వమున సారాకొట్టును మూయించిరి. ఆ మంట రాష్ట్రమంతట ప్రాకినది. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఈ రెండవది సడలిపోయెను. తల్లులు మేలుకొన్నప్పుడు చట్టము లేచినది; ఖజానా అక్కర తోచినప్పుడు చట్టము పండుకొన్నది.

అయినను బిడ్డలకు సంబంధించిన చట్టము పండుకొనలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటిలోను 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. 2015 బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము, వైద్యుని సలహాపై తప్ప, 18 ఏండ్ల లోపు బిడ్డకు మద్యము ఇచ్చినవారికి ఏడేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చును. 78వ సెక్షను బిడ్డచేత మద్యము అమ్మించుటకును, మోయించుటకును అదే శిక్ష చెప్పుచున్నది. మోయించుట అను మాటను గమనించుడి. అది మన చెంబును గూర్చినదే.

ఇక్కడ మా లోపమును ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రిందట మేము సేవచేసిన ఒక పాస్టరేటులో కన్ఫర్మేషన్ తరగతికి వచ్చు 15 ఏండ్ల బాలుడొకడు త్రాగి కనబడెను. అతని పేరు కొట్టివేయవలెనని కమిటీ కూడినది. ఎక్కడ త్రాగితివని మేమడిగితిమి. పెండ్లిలో పందిరి వెనుక పెద్దలు తనను సీసాలకు పంపిరనియు, మిగిలినది తాను త్రాగితిననియు వాడు చెప్పెను. పంపినవారిలో ఒకరు ఆ కమిటీలోనే కూర్చుండిరి. వాని పేరు కొట్టివేయలేదు గాని, ఆ పెద్దను గద్దించుటకు మాకును ధైర్యము చాలలేదు. వాడు తరువాతి ఆదివారమునుండి తరగతికి రాలేదు.

ఆ దినము మేము నేర్చుకొన్నది ఇదే: బిడ్డకు సీసా అమ్మినవాడు నేరస్థుడే గాని, బిడ్డను ఆ కొట్టు గుమ్మమువరకు నడిపించిన దారి మన ఇంటినుండే బయలుదేరినది. ఆ దారిని పోలీసులు మూయలేరు.

కాబట్టి ఈ శతాబ్ది సంవత్సరమున ప్రతి సంఘము కొన్ని పనులు పూనుకొనవలెనని మనవి. మన పెండ్లిండ్లలోను, క్రిస్మస్ విందులలోను, సమాధి కార్యక్రమముల తరువాతను మద్యము ఉండరాదని పాస్టరేటు కమిటీ తీర్మానించి, ముందుగా కమిటీ సభ్యులే సంతకములు చేయవలెను. ఊరిలో బెల్టుషాపు బిడ్డలకు అమ్ముచున్నదని తెలిసినయెడల స్త్రీల మైత్రి సభ్యులు కలిసి వెళ్లి ఎక్సైజు అధికారులకు వ్రాతమూలముగా తెలుపవలెను. ప్రతి పోలీసు స్టేషనులో బాలల సంక్షేమమునకు ఒక అధికారియు, ప్రతి జిల్లాలో బాలల సంక్షేమ సమితియు ఉండవలెనని చట్టమున్నది, వారిని కలిసికొనవలెను. 1098 నంబరును సండేస్కూలు గోడపై వ్రాయవలెను. త్రాగిన బిడ్డను వెలివేయక, చెంత కూర్చుండబెట్టుకొనవలెను.

యిర్మీయా గ్రంథము 35వ అధ్యాయములో రేకాబీయుల ఎదుట ప్రవక్త ద్రాక్షారసపు పాత్రలు పెట్టినను వారు ముట్టలేదు. వారిని కాపాడినది ఏ రాజు శాసనమును కాదు, ఇంటి పెద్ద చెప్పిన మాట. ఆ మాట చెప్పిన పెద్దయు దానిని ఆచరించియుండెను గనుకనే తరతరములు నిలిచినది. మన బిడ్డలకు అట్టి మాట చెప్పదగిన పెద్దలుగా ప్రభువు మనలను చేయును గాక. ఆమేన్.