ఎడమకాలికి పనిలేని బండి

కోవూరు నుంచి కొడవలూరు వెళ్ళే దారిలో పాత అంబాసిడర్ మీద డ్రైవింగు నేర్చుకున్నవాణ్ణి నేను. స్టీరింగు కిందనే గేరు కడ్డీ. ఎడమచేయి దాని మీద, ఎడమకాలు క్లచ్ మీద. అమెరికాలో తొలిసారి ఆటోమేటిక్ కారెక్కిన రోజున ఆ కాలు అలవాటుకొద్దీ క్లచ్‌ను వెతికి, బ్రేకును బలంగా తొక్కింది. వెనకనున్నవాడి హారను మోత ఇప్పటికీ చెవిలోనే ఉంది!

అక్కడ ఈ తగవు మనవాళ్ళ రాకకు ముందే తీరిపోయింది. జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో హైడ్రామేటిక్ అమర్చింది. 1965 వలస చట్టం తరువాత తెలుగువారు పెద్దసంఖ్యలో చేరేనాటికి క్లచ్ లేని బండే మామూలు బండి. ఇక ఎంచుకోవడమన్నది పేరుకే.

బ్రిటన్ సంగతి వేరు. ఆటోమేటిక్‌లో పరీక్ష నెగ్గినవారికి మాన్యువల్ నడిపే అర్హత రాదు. మాన్యువల్‌లో నెగ్గితే రెండూ నడపవచ్చు. అక్కడికి వెళ్ళే పిల్లలు అడిగితే, కష్టమైనా మాన్యువల్‌లోనే పరీక్షకు వెళ్ళమంటాను.

మన దేశంలో 2014లో మారుతి సెలెరియో వచ్చింది. లోపల మామూలు గేరుపెట్టెే. క్లచ్ తొక్కే పని మాత్రం యంత్రానిది. అంబాసిడర్ తయారీ ఆగిపోయిందీ ఆ ఏడే. మొన్న ఊరికి వెళితే మా మేనల్లుడు అటువంటి బండి తాళాలే చేతికిచ్చాడు. కోవూరు దాకా ఎడమకాలును వెనక్కి మడిచిపెట్టుకొనే నడిపాను.