వరస కలిపిన సీమ

పెండ్లి పిలుపులకు మన సీమలో ఒక మర్యాద ఉంది. ఇంటి పెద్దలు వస్తారు, బొట్టు పెడతారు, 'ఇంటిల్లిపాదీ రావాల' అని మరీ మరీ చెప్పి పోతారు. పెండ్లికొడుకు మాత్రం గడప దాటడు. నల్లమలలో ఒక పెండ్లికొడుక్కి ఈ కట్టుబాటు పట్టదు. ఏటా కనుమ నాడు పల్లకీ ఎక్కి, తన పెండ్లికి రమ్మని తానే ఊరూరా తిరుగుతాడు. 30కి పైగా పల్లెలు, దాదాపు 40 రోజులు. అహోబిలం నరసింహస్వామి పారువేట అంటే అదే.

దిగువ అహోబిలంలో జ్వాలా నరసింహుడు, ప్రహ్లాద వరదుడు ఒకే పల్లకీలో కూర్చుంటారు. బోయీలు భుజానికెత్తుకునే ముందు నల్లమల అడవిబిడ్డలు చెంచులు విల్లంబులతో వచ్చి ఆ పల్లకీ మీదికే బాణం వేస్తారు. ఎవరూ అడ్డుపడరు. బావ మీద బావమరుదులకు ఆ మాత్రం హక్కుంటుంది. స్వామి చెంచులక్ష్మిని మనువాడాడు కాబట్టి చెంచులు ఆయనకు అత్తింటివాళ్లు. అత్తింటివాళ్లను పెండ్లికి పిలవాలంటే మధ్యవర్తి చాలడు, స్వయంగా పోవాల. ఆళ్లగడ్డ, రుద్రవరం చుట్టుపక్కల పల్లెల్లో పల్లకీ వచ్చే రోజుకు గోడలకు సున్నం కొడతారు, ఆడబిడ్డలను, అల్లుళ్లను ఇంటికి పిలుచుకుంటారు. సంక్రాంతి కేలండర్లో ఏ తేదీన ఉన్నా, పల్లకీ దిగిన నాడే ఆ ఊరికి అసలు పండుగ.

ఈ బంధుత్వం ఎప్పుడు కలిసింది? తేదీ చెప్పే శాసనం లేదు. అయితే బంధుత్వం కలవక ముందు ఈ కొండ బయటివాళ్లకు ఎట్లా కనిపించేదో చెప్పే సాక్షి ఒకాయన ఉన్నాడు. తమిళ ఆళ్వారు తిరుమంగై ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటివాడు. అహోబిలాన్ని ఆయన సింగవేళ్‌కున్రం అని పిలిచి పది పాశురాలు పాడాడు. భక్తితో పాటు భయం కూడా ఉన్న పాశురాలవి. ఎండకు మాడిన అడవి, దేవతలకు తప్ప ఎవరికీ చేరరాని దారి, బిడారుల మీద పడే విల్లు చేతి వేటగాళ్లు, వాళ్ల డప్పుల మోత. ఆ వేటగాళ్లు ఫలానా కులంవాళ్లని ఆయన చెప్పలేదు. పైగా అది బిడారు వైపు నుంచి చూసిన చూపు. తమ అడవిలోకి అడగకుండా వచ్చిన బండ్లను చూసి వేటగాళ్లేమనుకున్నారో వాళ్ల పాశురం ఏదీ మనకు చేరలేదు.

ఆ పాశురానికీ ఈ పల్లకీకీ మధ్య ఎక్కడో, భయపడాల్సిన విల్లు బావమరిది విల్లయింది. కొండ మీది గుడికి, కింది పల్లెకు, అడవిలోని గూడేనికి నడుమ ఒప్పందమంటూ ఏదైనా జరిగి ఉంటే అది కాగితం మీద జరగలేదు. వరస కలుపుకోవడంలో జరిగింది. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లో ఒక మాట తేల్చాడు: జ్ఞాపకం ఒంటరి మనిషి తలలో నిలవదు, తన చుట్టూ ఉన్న సమూహం ఇచ్చే చట్రంలోనే నిలుస్తుంది. సీమలో ఆ చట్రానికి పేరు వరస. బావ, బావమరిది, అల్లుడు, ఆడబిడ్డ. జరిగిన కథ మరిచిపోయినా ఎవరికి ఎవరేమవుతారో మరిచిపోరు. ఆ వరసను బట్టి ఏ రోజు ఎవరింటికి ఏం పట్టుకుపోవాలో కూడా మరిచిపోరు.

చెంచులక్ష్మి పెండ్లి కథ ఒకటే అయినా చెప్పేవాళ్లను బట్టి దాని ఒడ్డూ పొడుగూ మారాయి. అహోబిల మఠం వైపు 16వ శతాబ్దంలో వాసంతికా పరిణయం అనే నాటకం పుట్టింది. మఠాధిపతి శఠకోప యతీంద్రులు రాసినట్టు చెబుతారు. పెండ్లికూతురు అక్కడా అడవిపిల్లే, కానీ చెంచులక్ష్మి కాస్తా వాసంతిక అయింది. జనం కథలో ఈ నాజూకు లేదు. దేవుడైతే ఏం, అడవిలో బతకడం తెలుసా లేదా అని పిల్ల వైపువాళ్లు పరీక్ష పెడతారు. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన చెంచులక్ష్మి సినిమా ఈ వేడుకనే తెరకెక్కించింది. ఇక పెద్దభార్య ఆదిలక్ష్మి అలకల సంగతి సరేసరి. నాకు ఈ జనం కథే నిజానికి దగ్గరగా తోస్తుంది. పరాయివాణ్ణి అల్లుడిగా ఒప్పుకునే ముందు ఏ గూడెమైనా అడిగే ప్రశ్నలే అందులో ఉన్నాయి.

రాతి మీది జ్ఞాపకం తీరు వేరు. 1515లో కృష్ణదేవరాయలు వచ్చి నగలు సమర్పించుకున్న సంగతి శాసనంలో ఉంది. 1584 నాటి మరో శాసనం మరింత గట్టిది: ఇబ్రహీం కుతుబ్‌షా సేనలు హండే నాయకులతో కలిసి అహోబిలాన్ని పట్టుకున్నాయని, మఠం జీయరు విన్నపం మీద శ్రీరంగరాయల కాలంలో అది విడుదలైందని చెబుతుంది. రాయి దాతలను, శత్రువులను గుర్తుపెట్టుకుంటుంది. బావమరుదులు దానికి గుర్తులేరు.

తాటాకు కూడా అంతే. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ధారపోశాక కుంపిణీ అధికారి కల్నల్ మెకంజీ మనుషులు ఊళ్లు తిరిగారు. మెకంజీకి కుడిభుజం లాంటివాళ్లు కావలి సోదరులు. కరణాల దగ్గరున్న కవిలె కట్టల నుంచి, అంటే ఊరి దస్త్రాల నుంచి, ఊరి పుట్టుపూర్వాలు రాయించారు. అవే కైఫీయతులు. కడప జిల్లావి కడపలోని బ్రౌన్ గ్రంథాలయం వాళ్లు సంపుటాలుగా అచ్చు వేశారు. చదువుతుంటే ఒకటి తెలిసిపోతుంది. అడవి ఎవరు కొట్టారు, చెరువు ఎవరు కట్టారు, దేవుణ్ణి ఎవరు నిలిపారు అనే కథలన్నీ చివరికి మాన్యం ఎవరిదన్న దగ్గరికే వచ్చి ఆగుతాయి. వాన చాలని నేలలో జ్ఞాపకానికి ఆ పని తప్పదు మరి. చెంచుగూడేనికి కరణం లేడు. కనుమ నాటి బాణమే వాళ్ల కవిలె.

ఆ కవిలె ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే సంగతి. పల్లకీ ముందు బావమరిది అయినవాడే నల్లమల పులుల అభయారణ్యంలో తేనెకు, గడ్డలకు పోవాలంటే అనుమతి అడగాల. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా, ఇది మా తాతల అడవి అని రుజువు చూపాల్సిన భారం చెంచు మీదే ఉంది. దేవుడు ఒప్పుకున్న చుట్టరికం దస్త్రంలోకి ఎక్కలేదు.

దేవుడితో వరస కలుపుకున్నది చెంచులొక్కరే కాదు. అహోబిలం నుంచి దక్షిణంగా వస్తే కడప. ఇక్కడి లక్ష్మీ వేంకటేశ్వరుడి ఊరు దేవుని కడప. తిరుమలకు ఇది తొలి గడప అంటారు. తాళ్లపాక అన్నమయ్య సొంత సీమ కూడా ఇదే. ఉగాది పొద్దున ఈ గుడి ముందు ముస్లిం కుటుంబాలు బారులు తీరతాయి. కొబ్బరికాయలు, పూలు, బెల్లం తెచ్చి స్వామికి ఇస్తారు. కారణం అడిగితే ఒకటే జవాబు: బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు. ఈ నాంచారమ్మ కథ కడపకే పరిమితమైంది కాదు. ఢిల్లీ సుల్తాను కూతురు ఉత్సవమూర్తిని వలచి దాని వెంట వచ్చిందని మేల్కోటలో, శ్రీరంగంలో కూడా చెబుతారు. శ్రీరంగంలో ఆమె పేరున స్వామికి రొట్టె నైవేద్యం పెడతారు. అక్కడ ఆ ఆచారాన్ని నడిపేది గుడి. కడపలో వరస చెప్పుకునేది పిల్ల వైపువాళ్లే, నడిచి వచ్చేదీ వాళ్లే. అహోబిలం రాయి శత్రువులుగా రాసుకున్నవాళ్ల మతంవాళ్లను కడప గుడి ముంగిట 'మామగారు' అనాల్సి వస్తుంది.

అదే ఉగాదికి ఉత్తరాన శ్రీశైలంలో కన్నడ భక్తులు వచ్చి చేరతారు. వందల కిలోమీటర్లు నడిచి కాళ్లు బొబ్బలెక్కినవాళ్లు. భ్రమరాంబ వాళ్లింటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు, అందుకే చీరా సారె తెస్తారు. అడవిలో చెంచులకు ఆ మల్లన్నే చెంచు మల్లయ్య, తమ పిల్లను చేసుకున్నవాడు. ఒకే దేవుడికి రెండు అత్తిళ్లు. ఎవరిది అసలైన చుట్టరికమని అక్కడ ఎవరూ తగువు పెట్టుకోరు.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. రంజాన్ నెలలో ఆఖరి ఉపవాసం కూడా ఆ రోజే. దేవుని కడపలో ఆ పొద్దున కూడా బురఖాలు వరుస కట్టాయి. మరునాడే రంజాన్ పండుగ.