నాగార్జునకొండ పోషకులు

చారిత్రక స్థలములను గూర్చి మేము ప్రసంగించినపుడెల్ల కొందరు శ్రోతలు, "ఇవన్నియు ప్రభుత్వము చూచుకొనవలసినవి గదా, మావంటివారు చేయగలిగిన దేమున్నది?" అని వ్రాయుచుందురు. ఈ ప్రశ్నకు నాగార్జునకొండ చరిత్రయే మంచి సమాధానము చెప్పుచున్నది.

క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా ఈ లోయను పాలించిరి. ఇక్కడి విహారములను రాజులే కట్టించిరని మనమందరము అనుకొందుము. శాసనముల నడిగినచో మాట వేరుగా నున్నది. వానిలో రాజుల పేర్లు ఎక్కువగా కాలము తెలుపుటకే వచ్చును. దాతలలో పెక్కుమంది స్త్రీలు. మహాచైత్యమునకు స్తంభము లిచ్చిన చాంతిసిరి వీరపురుషదత్త మహారాజునకు మేనత్త. ఆమె సంగతి యటుంచుదము. బోధిసిరి యను ఉపాసిక రాజవంశీయురాలు కాదు. గోవగామవాసి యగు రేవతుడను గృహస్థుని కోడలు. ఆమె చుళధమ్మగిరిపై సింహళ భిక్షువుల కొరకు చైత్యగృహము కట్టించెను. అంతటితో ఆగలేదు. సింహళ విహారమున బోధివృక్షమునకు ఆలయము, మహాధమ్మగిరిలో ఒక గది, పూర్వశైలమున చెరువు, కంటకసెలలో మహాచైత్యపు తూర్పువాకిట రాతిమంటపము ఆమె దానములే. ఈ కంటకసెలయే నేటి ఘంటసాల యని పండితుల అభిప్రాయము. ధనమంతయు ఒకచోటనే కుప్పపోయక, ఎచ్చట ఏది కొరవడినదో అచ్చట దానిని సమకూర్చిన ఈ వివేకము మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది. పుణ్యమునైనను తానొక్కతెయే ఉంచుకొనక అత్తమామలకు, భర్తకు, అన్నదమ్ములకు పంచియిచ్చినది!

పిదప లోయ అడవి పాలయ్యెను. 1926లో సూరపరాజు వెంకట్రామయ్య యను బడిపంతులు అచ్చటి పురాతన స్తంభ మొకటి చూచి మద్రాసు ప్రభుత్వమునకు తెలియజేసెను. శాసనశాఖలో తెలుగు సహాయకులైన ఏ. ఆర్. సరస్వతిగారు వచ్చి పరిశీలించిరి. 1927 మొదలు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వకములు సాగించెను. పంతులుగారు చేసినది చిన్న పనియే. కాని ఆ పని జరుగనిచోట ఏమగునో అమరావతి చెప్పును. 18వ శతాబ్ది చివర అచ్చటి దిబ్బను ఇటుకలకు, రాళ్ళకు త్రవ్వుకొనిరి. శిల్పఫలకములు కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. మిగిలినవానిలో అనేకము నేడు చెన్నపట్టణమున, లండనులో నున్నవి.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట తప్పదని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిగినవి. ముఖ్య కట్టడములను కొండపైకిని, అనుపునకును తరలించి మరల నిలిపిరి. 1966లో కొండమీది ప్రదర్శనశాల తెరువబడినది. లోయలోని పుల్లారెడ్డిగూడెము ప్రజలు తమ ఊరినే విడిచిపోయిరి. పోషకుల పట్టికలో వారిని చేర్చనిచో ఆ పట్టిక అసంపూర్ణమే యగును.

ఇక నేటి మాట. పొలము దున్నునపుడో, పునాది తీయునపుడో నాణెములు, విగ్రహములు బయటపడినచో 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. పది రూపాయలకు మించిన విలువ గలదానికెల్ల ఇది వర్తించును. దాచినవాడు తన వంతు కోల్పోవుటయే గాక శిక్షకును పాత్రుడగును. గుప్తనిధుల ఆశతో పాడుగుడి గర్భగృహమును త్రవ్వువారిని గూర్చి ఊరివారు నోరు విప్పినంత మేలు ఏ కావలివాడును చేయలేడు. రాతిపై తమ పేరు చెక్కుకొనువారు మరియొక జాతి. పదింటికి పైగా దానము లిచ్చిన బోధిసిరి పేరు రాతిమీద నుండుట న్యాయమే. పడవ టిక్కెట్టు కొన్నంతమాత్రమున వీరికా హక్కు ఎట్లు వచ్చినదో! 1958 నాటి ప్రాచీన కట్టడముల చట్టమును 2010లో సవరించిన పిదప ఇట్టి చేష్టకు రెండేండ్ల వరకు ఖైదుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ధనమీయ గలవారికి 1996లో ఏర్పడిన జాతీయ సంస్కృతి నిధి కలదు. దాత తాను కోరిన కట్టడమును పేర్కొని విరాళ మీయవచ్చును. ధనము లేనివారు చేయగలిగినదియు కొంచెము కాదు. ఆనకట్టకు తెలంగాణ వైపున 2022లో బుద్ధవనము ప్రారంభమైనది. దానిని చూడవచ్చినవారు అనుపువరకు కూడ పోవలెను. అచ్చటికి పడవతో పనిలేదు, రోడ్డు కలదు.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పిల్లలను విహారయాత్రకు తీసికొనిపోవు ముందు నల్లబల్లపై బోధిసిరి పేరును బ్రాహ్మీలిపిలో వ్రాసి చూపుడు. నాలుగే అక్షరములు. అవి నేర్చిన పిల్లవాడు ప్రదర్శనశాలలో శాసనము ముందు నిలిచి, తనకు తెలిసిన అక్షరము కొరకు వ్రేలితో వెదకును. అయితే రాతిని ముట్టనీయకుడు.